గున్‌వోర్ ఎడమ చూపుడువేలు

గున్‌వోర్‌కీ నాకూ స్నేహం కుదరడానికి ముప్పై ఏళ్లు పట్టింది. అంతకుముందంతా తిట్లే. నేను సెల్బు లోయలో మంచు తోసే బండి నడిపేవాణ్ని. రోడ్డు మీది మంచు తోస్తే అది ఎక్కడో ఒకచోట పడాలి కదా, పోయి పోయి ఆవిడ గేటుకే అడ్డంగా పడేది. కావాలని చేశావా అంటే, మొదటి రెండేళ్లు కాదు. ఒకరోజు ఆవిడ పార పుచ్చుకుని బండికి ఎదురొచ్చి, "ఆస్‌లాక్! కళ్లు నెత్తికెక్కాయా నీకు? దిగు, దిగి ఇదంతా నువ్వే ఎత్తిపొయ్యి!" అని ఊరంతా వినేలా అరిచింది. ఆ రోజు నుంచి మాత్రం, అబద్ధమెందుకు, కొంచెం కావాలనే చేశాను.

తరువాత ఇద్దరికీ డెబ్భై దాటాయి. ఇద్దరి కిడ్నీలూ ఒకే ఏడాది చేతులెత్తేశాయి. సోమ, బుధ, శుక్రవారాలు డయాలసిస్‌కి ట్రోన్‌హైమ్ పట్నం వెళ్లాలి, గంట ప్రయాణం. ఇద్దరికీ కలిపి ఒకే టాక్సీ పంపించారు. మొదటి రోజు ఆవిడ తలుపు తీసి, వెనక సీట్లో కూర్చున్న నన్ను చూసి, "దేవుడా, కిడ్నీలు తీసుకున్నది చాలలేదా!" అంది. నేను జరిగి చోటిచ్చాను. ఆ వారం మాటల్లేవు. రెండో వారం ఆవిడ సంచిలోంచి సగం వాఫెల్ అట్టు తీసి నా ఒళ్లో పెట్టి, "నర్సుకి చెప్పావంటే చంపేస్తాను" అంది. అదే మా రాజీపత్రం.

ముప్పై రెండేళ్లు మా ఊరి సహకార దుకాణంలో గల్లా దగ్గర కూర్చున్న మనిషి ఆవిడ. ఊళ్లో ఎవరు ఏం తింటారో, ఎవరు తాగడం మానేశామని అబద్ధం చెబుతున్నారో అన్నీ తెలుసు, ఒక్కటీ బయటికి పొక్కనిచ్చేది కాదు. ముక్కు మీద కోపం. చేతిలో ఎప్పుడూ ఊలు. చర్చిలో, దుకాణంలో, ఆఖరికి సొంత భర్త అంత్యక్రియలకి వెళ్లే కారులో కూడా అల్లుతూనే ఉందని చెప్పుకుంటారు. అడిగితే, "ఏడుపాపుకోవడానికి ఇంకేం చెయ్యమంటావు?" అంది నాతో.

మా సెల్బు చేతి తొడుగులు మీరు చూసే ఉంటారు. తెలుపు మీద నలుపు, ఎనిమిది రేకుల పువ్వు, బొటనవేలికి వేరే గూడు, మిగతా నాలుగు వేళ్లకీ కలిపి ఒకే గది. లోయలో అందరూ అల్లుతారు. కానీ గున్‌వోర్ అల్లినవి లోపలివైపు తిప్పి చూసినా ఒక్క పోగు వదులుగా వేలాడదు. ఆ పనితనం ఎక్కడుందో నాకు టాక్సీలోనే తెలిసింది. కుడిచేయి అల్లిక పుల్లతో పొడుస్తుంది, అంతే. ఊలుని పట్టేది ఎడమచేయి. అది ఎడమ చూపుడువేలి మీదుగా జారుతూ వస్తుంది. ఎంత బిగువు, ఎంత వదులు అన్నది ఆ వేలే చెబుతుంది. ఆవిడ అటు చూడను కూడా చూసేది కాదు. నా మీద విరుచుకుపడుతూనే రెండు వరసలు పూర్తిచేసేది.

ఆ ఏడాది పని మామూలుది కాదు. మనవరాలు మారెన్ పెళ్ళి, ఐవిన్ అనే కుర్రాడితో, జూన్ చివర్లో. పెళ్ళికి వచ్చిన ప్రతివాళ్లకీ పెళ్ళికూతురి ఇంటివాళ్లు తొడుగులు అల్లి పెట్టడం మా లోయ మర్యాద. వేసవి అయితేనేం, చలి మళ్లీ రాకపోతుందా? అన్నిటికన్నా చివర్లో పెళ్ళికొడుకు జత అల్లాలి. దాన్ని అతను అందరి ఎదుటా తొడుక్కుని చేతులెత్తి చూపించాలి. వదులైనా, ఇరుకైనా ఇక ఆ నవ్వు వాళ్ల పిల్లల పెళ్ళిళ్లదాకా వినిపిస్తుంది. మొత్తం నలభై ఎనిమిది జతలు. "కొన్ని కొనేద్దాం అమ్మమ్మా, నీకు ఒంట్లో బాగాలేదు కదా" అంది మారెన్. ఆవిడ రెండు రోజులు ఆ పిల్లతో మాట్లాడలేదు.

మొదట్లో మా ఇద్దరికీ మెడ దగ్గర గొట్టం పెట్టి డయాలసిస్ చేసేవాళ్లు. అక్టోబరులో చేతికి ఫిస్టులా ఆపరేషన్లు చేశారు. చేతిలో ధమనినీ సిరనీ కలిపి కుట్టేస్తారు. ఆ సిర లావై, గుయ్యిమని మోగుతూ రక్తం పారుతుంది. సూదులు అందులో గుచ్చుతారు. నాకు మణికట్టు దగ్గర చేశారు, బుద్ధిగా పనిచేస్తోంది. ఆవిడ సిరలు సన్నం, పైగా చక్కెర జబ్బు, అందుకని మోచేతి పైన చేశారు. "ఏ చేత్తో రాస్తారు?" అని అడిగారట. "కుడి" అందట. అయితే ఎడమచేతికి చేద్దాం అన్నారట. ఊలు ఏ వేలి మీద నడుస్తుందని ఎవరూ అడగలేదు, ఆవిడకీ చెప్పాలని తోచలేదు.

నవంబరులో ఆ చేయి చల్లబడింది. "ఆస్‌లాక్, ఈ చెయ్యి చూడు, చేపలబుట్టలోంచి తీసినట్టుంది" అంది టాక్సీలో.

ఇప్పుడు నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. తలుచుకుంటే నన్ను నేనే తన్నుకోవాలనిపిస్తుంది. "తొడుగు వేసుకో" అన్నాను. మా లోయలో చలికి ఇంకో మందు లేదు. వేళ్లు చల్లగా ఉన్నాయా, తొడుగు వేసుకో. తిమ్మిరెక్కాయా, లోపల ఇంకోటి వేసుకో. ఆవిడా అంతే అనుకుంది. డయాలసిస్ గదిలో వయసుమళ్లిన నర్సు కూడా మా వైపు మనిషే. "ఎంత అందంగా ఉందో, నాకూ ఒకటి అల్లి పెట్టకూడదూ?" అంది కానీ, దాని లోపల ఏముందని అడగలేదు. నర్సులు వెళ్లిన ప్రతిసారీ మోచేతి పైన స్టెతస్కోపు పెట్టి శ్రద్ధగా మోత వినేవాళ్లు. "అబ్బో, జలపాతంలా ఉంది మీ ఫిస్టులా!" అని మెచ్చుకునేవాళ్లు. ఆ మెప్పుకి ఆవిడ మురిసిపోయేది, నేను అసూయపడేవాణ్ని.

ఫిబ్రవరిలో మెడ గొట్టం తీసేశారు. ఇక సూదులు చేతిలోనే. చెయ్యి కదపకూడదు కనుక కుర్చీలో అల్లిక ఆగింది. దాంతో టాక్సీలో వేగం పెంచింది. మార్చిలో ఒక జత పూర్తిచేసి నా చేతికిచ్చింది. నేను తొడుక్కుని చూశాను. నావి పెద్ద చేతులు. అయినా ఇంకా చోటుంది.

"ఇది ఎవరికి? ఎలుగుబంటికా?" అన్నాను.

"ఐవిన్ మేనమామకి. జాలరి, పెద్ద చేతులు."

"ఈయన తిమింగలాన్ని చేత్తో పట్టుకుంటాడా?"

"నోర్ముయ్" అంది, నవ్వింది. తరువాతి జత ఇంకొంచెం పెద్దది. దాని తరువాతిది ఇంకా పెద్దది. ప్రతిసారీ నేనొక కొత్త జంతువు పేరు చెప్పేవాణ్ని. డ్రైవరు కూడా నవ్వేవాడు. అది జబ్బు పెరుగుతున్న కొలత అని మా ముగ్గురిలో ఎవరికి తడితే కదా!

ఈస్టర్ తరువాత కొత్త నర్సు వచ్చింది. పేరు సెనాయిత్, ఎరిట్రియా అమ్మాయి. మా వాళ్లు రాజునైనా పేరు పెట్టే పిలిచేస్తారు. ఈ పిల్ల మాత్రం గున్‌వోర్‌ని "అమ్మా" అని పిలిచింది. గున్‌వోర్ వెనక్కి తిరిగి చూసింది, ఎవరి అమ్మ వచ్చిందా అని.

సెనాయిత్ సూదులు గుచ్చి, మోత విని, తొడుగు వైపు చూసింది. "ఒక్క చేతికే ఎందుకు?" అని అడిగింది.

"చల్లగా ఉంటుంది."

"చలి రెండు చేతులకీ వెయ్యాలి కదమ్మా. ఏదీ, తియ్యండి."

"ఎందుకులే, వెచ్చగా ఉండనీ" అన్నాను నేను మధ్యలో, పక్క కుర్చీలోంచి.

"మీరు కాసేపు ఊరుకోండి" అంది ఆ పిల్ల.

తొడుగు తీసింది. వేళ్లు పాలిపోయి మైనంలా ఉన్నాయి. చూపుడువేలి కొసన మిరియపు గింజంత నల్లమచ్చ. సెనాయిత్ మణికట్టు దగ్గర నాడి వెతికింది, దొరకలేదు. అప్పుడు తన బొటనవేలితో మోచేతి పైన ఫిస్టులాని మెల్లగా నొక్కి పట్టింది. మోత ఆగింది. మేం చూస్తూ ఉండగానే అరచెయ్యి గులాబీ రంగుకి తిరిగింది.

"అయ్యో! చీమలు! చీమలు పాకుతున్నాయి!" అని కేకేసింది గున్‌వోర్.

సెనాయిత్ వేలు తీసేసింది. చెయ్యి మళ్లీ తెల్లబడింది. "చేతికి వెళ్లాల్సిన రక్తాన్ని ఫిస్టులా దారిలోనే కాజేస్తోందమ్మా. తొడుగు వేడిని పుట్టించదు, ఉన్నదాన్ని దాస్తుంది, అంతే. ఖాళీ తొడుగు బల్లమీద పెడితే వెచ్చబడుతుందా?"

అరవై ఆరేళ్లుగా తొడుగులు అల్లుతున్న మనిషికి ఆ మాట మరొకరు చెప్పాల్సి వచ్చింది. ఇంటికి వచ్చే దారిలో ఆవిడ, "ఆస్‌లాక్, అన్నీ పెద్దవి అయిపోతున్నాయి కదూ" అంది చిన్నగా.

"అయితేనేం, పెద్ద చేతులవాళ్లకి కొదవా?"

"ఊలు ఎక్కడుందో నాకు తెలియడం లేదురా. జనవరి నుంచీ తెలియడం లేదు. కళ్లతో చూసి అల్లుతున్నాను."

నన్ను ఆవిడ ఎప్పుడూ "రా" అనలేదు. నాకు సిగ్గేసింది, అన్ని రోజులూ నవ్వినందుకు.

సెనాయిత్ ఆవిడని పంపిన శస్త్రవైద్యుడు హాల్వర్ కుర్రవాడే, పొడుగ్గా, వంగి నడుస్తాడు. నన్ను కూడా తోడు రమ్మంది గున్‌వోర్, వెళ్లాను. ఎప్పటి నుంచి, ఎలా మొదలైంది, ఎంత పెరిగింది అని అతను అడిగాడు. ఆవిడ సంచి విప్పి తొడుగులు బల్లమీద వరసగా పేర్చింది. "ఇది సెప్టెంబరు, ఆపరేషన్‌కి ముందు. ఇది డిసెంబరు. ఇది ఫిబ్రవరి. మార్చి. ఇది పోయినవారం. అన్నిటికీ ఒకే ఊలు, ఒకే పుల్లలు, లెక్కకి అవే కుట్లు." సెప్టెంబరుది ఆవిడ చేతికి సరిపోయింది. పోయినవారంది మోచేతి దాకా వచ్చేలా ఉంది.

హాల్వర్ స్కేలు తెచ్చి కొలిచాడు. తరువాత ఫొటో తీశాడు. "పన్నెండేళ్లుగా చూస్తున్నాను, ఇలాంటి రిపోర్టు ఎవరూ తేలేదు" అన్నాడు.

తరువాత అతను నవ్వడం మానేసి చెప్పాడు. ఇలాగే వదిలేస్తే ఆ మచ్చ పెరుగుతుంది, వేళ్లు పోవచ్చు. ఫిస్టులా కట్టేస్తే చెయ్యి ఖాయంగా బాగుపడుతుంది, కానీ రెండో చేతిలో పనికొచ్చే సిర లేదు, మళ్లీ మెడ గొట్టమే, దానికి ఎప్పుడు చీము పడుతుందో చెప్పలేం. మూడో దారి ఉంది. స్కాన్‌లో ప్రవాహం మరీ ఎక్కువగా కనబడుతోంది కనుక, ఫిస్టులా మొదలయ్యే చోట చిన్న పట్టీ చుట్టి బిగించవచ్చు. ఎక్కువ బిగిస్తే రక్తం గడ్డకట్టి ఫిస్టులా పోతుంది. తక్కువ బిగిస్తే చేతికి ఏమీ అందదు.

"అంటే బిగువు చూసుకోవాలి" అంది గున్‌వోర్.

"అవును."

"నీకు చేతనవునా?"

డాక్టర్లని ఎవరైనా అలా అడుగుతారా! అతను ఒక్క క్షణం ఆలోచించి, "వేలికి రక్తం ఎంత అందుతోందో కొలిచే మీటరు పెట్టి, చూసుకుంటూ బిగిస్తాను. మీరు మెలకువగానే ఉంటారు. ఏమనిపిస్తోందో మీరు చెబుతుండండి. వేలికి స్పర్శ తిరిగి వస్తుందని మాత్రం మాట ఇవ్వలేను. నరాలు అలిగితే త్వరగా మాట్లాడవు" అన్నాడు.

మే మొదటివారంలో చేశారు. లోపల జరిగింది ఆవిడ నాకు కనీసం పదిసార్లు చెప్పింది, చెప్పిన ప్రతిసారీ డాక్టరు ఇంకా కుర్రవాడై, ఆవిడ ఇంకా ధైర్యవంతురాలైంది. అతను కొంచెం బిగించి, మీటరు చూసి, "ఎలా ఉంది?" అన్నాడట. "ఏమీ లేదు." ఇంకొంచెం. "దూరంగా చీమలు." ఇంకొంచెం. "వచ్చాయి, చీమలు వచ్చాయి!" అతను ఇంకా బిగించబోతే, "చాలు! ఇంకొక్క కుట్టు బిగిస్తే ముడుచుకుపోతుంది" అందట. "ఇది ఊలు కాదండీ" అన్నాడట డాక్టరు. "అదే కదా నా భయం, ఊలైతే విప్పుకోవచ్చు" అందట. మీటరు కూడా అక్కడే ఆపమంది కనుక సరిపోయింది, లేకపోతే ఇద్దరూ అక్కడే కొట్టుకునేవాళ్లు.

ఆ సాయంత్రానికి చెయ్యి వెచ్చబడింది. ఫిస్టులా మోత తగ్గింది కానీ ఆగలేదు. డయాలసిస్ మామూలుగా నడిచింది. రెండు వారాలకి నల్లమచ్చ ఎండి రాలిపోయింది. మేమంతా సంబరపడ్డాం. గున్‌వోర్ మాత్రం పడలేదు. చూపుడువేలు ఇంకా మూగగానే ఉంది.

పెళ్ళికొడుకు జత ఒక్కటే మిగిలింది. దాన్ని మొదలుపెట్టనంది. "ఊలు తెలియకుండా ఆ పిల్లాడి చేతికి అల్లను. చూసి అల్లినవి చాలు."

"మారెన్ అల్లుతుందిలే" అన్నాను.

"మారెన్ అల్లితే బీరకాయ తొడిగినట్టుంటుంది."

టాక్సీ ఎక్కిన ప్రతిసారీ ఊలు ఆ వేలికి చుట్టి అటూ ఇటూ లాగి చూసేది. ఏమీ లేదు. సంచిలో పెట్టేసేది. మే అయిపోయింది, లోయంతా పచ్చబడింది, రాత్రి పదకొండుకీ వెలుతురే. నేను జంతువుల పేర్లు మానేశాను. ఏం మాట్లాడాలో తెలియక వాతావరణం గురించి మాట్లాడేవాణ్ని. ఆవిడ నా వైపు జాలిగా చూసేది.

జూన్‌లో ఒక బుధవారం, పెళ్ళికి ఇంకా పదిహేడు రోజులున్నాయి. సరస్సు మలుపు దగ్గర ఆవిడ "ఆపు!" అని అరిచింది. డ్రైవరు హడలిపోయి బండి పక్కకి తీశాడు. ఆవిడకి ఏమైందోనని నేను బెల్టు విప్పి ఆవిడ మీదికి వంగాను.

"గరుగ్గా ఉంది" అంది.

"ఏది?"

"ఊలు! గరుగ్గా ఉందిరా! లాగు, నువ్వు లాగు, నేను కళ్లు మూసుకుంటాను." నేను ఆ చివర పట్టుకుని లాగాను. "లాగావు" అంది. ఆపాను. "ఆపావు." మళ్లీ లాగాను. "లాగావు! మెల్లగా లాగావు, దొంగవెధవా, నన్ను పట్టిద్దామనుకున్నావా!" డ్రైవరు వెనక్కి తిరిగి తనూ ఒకసారి లాగి చూశాడు. ముగ్గురం రోడ్డు పక్కన ఆపిన బండిలో కూర్చుని ఊలు లాక్కుంటూ నవ్వాం, నవ్వుతూనే ఆవిడ ఏడ్చింది. డయాలసిస్‌కి ఇరవై నిమిషాలు ఆలస్యంగా వెళ్లాం. సెనాయిత్ కోప్పడబోయి, సంగతి విని, గున్‌వోర్‌ని కావలించుకుంది.

పెళ్ళికి ఎండ బాగా కాసింది. పాత పెద్ద జతలన్నీ విప్పేసి మళ్లీ అల్లుతానంది గున్‌వోర్, కానీ టైము చాలలేదు. "పెట్టేద్దాం అమ్మమ్మా, చలికాలంలో లోపల ఇంకో జత వేసుకుంటారు" అంది మారెన్. జాలరి మేనమామకి అవి నిజంగానే సరిపోయాయి, నా పరువు పోయింది. ఆ తరువాత ఐవిన్‌ని పిలిచారు. సన్నగా, ఎర్రబడ్డ చెవులతో వచ్చి నిలబడ్డాడు. గున్‌వోర్ జత తీసి అతని చేతికిచ్చింది. అతను కుడిది తొడిగాడు. ఎడమది తొడిగాడు. వేళ్లు చాచి చేతులు పైకెత్తాడు. బొటనవేలి కొస దగ్గర నుంచి మణికట్టు అంచు వరకు చర్మంలా అతుక్కుపోయాయి. ఇల్లు దద్దరిల్లేలా చప్పట్లు.

అందరూ పెళ్ళికొడుకు చేతుల వైపు చూస్తున్నారు. గున్‌వోర్ అటు చూడలేదు. బల్లలన్నీ దాటుకుని నేను కూర్చున్న చోటికి వచ్చింది. తన ఎడమ అరచెయ్యి నా చెంపకి ఆనించింది.

"ఎలా ఉంది?" అంది.

"చెమట పట్టింది" అన్నాను. ఆవిడ చెయ్యి తియ్యలేదు. నేనూ తియ్యమనలేదు.